గుడి తప్పిన సిరా

నాకు తెలుగు బాగా వచ్చు. ఇది నా అంతట నేను చెప్పుకునే మాట కాదు. మా జిల్లా హస్తకళల కార్యాలయం వారు భాషా వారోత్సవాల్లో పెట్టిన ‘తప్పుల్లేని తెలుగు’ పోటీలో మొదటి బహుమతిగా నాకొక స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చి, మూత మీద ‘ఏకాంబరానికి ప్రధమ బహుమతి’ అని చెక్కించి మరీ చెప్పారు. ‘ప్రథమ’ అనాల్సిన చోట ‘ప్రధమ’ అని చెక్కారు. ఆ అక్షరాన్ని మేకుతో గీకి సరిచేసుకుని, ఆరేళ్ళుగా అందులోనే మధ్యాహ్నం అన్నం తెచ్చుకుంటున్నాను.

అలాంటి నా చేతి మీదుగా ఒక గుడి తప్పిపోయింది. దేవుడి గుడి కాదు, అక్షరం నెత్తిన పెట్టే గుడి. దాని వల్ల అరవై ఎనిమిదేళ్ళ కుప్పమ్మ గారి ఇంటి ముందు ఎక్సైజు జీపు ఆగింది. మిగిలినవన్నీ ఆ జీపు వెనకాలే వచ్చాయి.

కథ మొదలైంది ఒక సర్క్యులరుతో. రాష్ట్రంలోని ప్రతి చేతివృత్తినీ ‘హస్తకళా దర్పణం’ అనే పోర్టల్లోకి ఎక్కించాలని పై నుంచి వచ్చింది. పనివారి పేరు, వాడే పనిముట్టు, ముడిసరుకు, తయారీ విధానం, ఊరబెట్టేవైతే ఎన్నాళ్ళు, ఎండబెట్టేవైతే ఎంత ఎండ, అన్నీ అందులో ఉండాలి. పోర్టల్‌ను ఇరవై ఏడు శాఖలతో ‘ఏకీకృతం’ చేశారు. అంటే ఇక్కడ మనం కుమ్మరి అని కొడితే అక్కడ గనుల శాఖ వారికి మట్టి సంగతి తెలిసిపోతుంది. మేదరి అని కొడితే అడవుల శాఖ వారు వెదుళ్ళు లెక్కపెట్టుకుంటారు.

మా అసిస్టెంట్ డైరెక్టరు పినాకపాణి గారు సర్క్యులరు చదివి, కళ్ళు మూసుకుని, తెరిచి, మా అందరినీ పిలిచి నిలబెట్టారు. ఆయనకు కంఠం అంటే ప్రాణం. ఎప్పుడు ఎవరు ఉపన్యాసం అడుగుతారో అని ఎడమ చెంపలో ఎప్పుడూ ఒక కరక్కాయ ముక్క పెట్టుకుని ఉంటారు. దాంతో ఆయన ఏ మాటన్నా కాస్త ఒగరుగా వినిపిస్తుంది.

“డిజిటలీకరణ అనేది ఒక పని కాదు, ఒక ప్రస్థానం. ఇకపై నమోదైనదే కళ. నమోదు కానిది కేవలం అలవాటు. అర్థమైందా ఏకాంబరం?” అన్నారు.

“అర్థమైంది సార్,” అన్నాను. ‘కేవలం’ బదులు ‘వట్టి’ అంటే ఇంకా బాగుండేది, కానీ పై అధికారికి పదాలు అందివ్వడం మన సర్వీసు రూల్సులో లేదు.

పోర్టల్లో ‘గుర్తింపు నేత్రం’ అని ఇంకో అద్భుతం కూడా ఉంది. ఫోను కెమెరా ఏ వస్తువు మీద పెట్టినా అది ఏ కళో, అసలుదో నకిలీదో, ఆడగొంతుతో చెబుతుంది. పినాకపాణి గారు తమ బల్ల మీది లక్కబొమ్మ మీద పెట్టి చూశారు. ‘వంకాయ. తాజాది,’ అంది. ఆయన కాసేపు ఆలోచించి, “యంత్రం ఇంకా నేర్చుకుంటోంది. మనం ప్రోత్సహించాలి,” అన్నారు. ఆ రోజు నుంచి ఆ బొమ్మ బల్ల మీద కనిపించలేదు.

ప్రారంభోత్సవం పద్నాలుగో తేదీ అని నిర్ణయమైంది. ఆ వేదిక వెనకాల కట్టడానికి పన్నెండడుగుల కలంకారీ తెర ఒకటి కావాలని మా ఆఫీసే కుప్పమ్మ గారికి ఆర్డరిచ్చింది. అమృతం పంచే ఘట్టం. నడుమ మోహిని, చేతిలో కుండ, ఎడమవైపు వరసగా దేవతలు, కుడివైపు వరసగా రాక్షసులు. జిల్లాలో అంత తెరను అచ్చులు వాడకుండా కలంతో గీయగలిగినవారు ఆమె తప్ప ఇంకెవరూ మిగల్లేదు. అందుకే నమోదు కూడా ఆమెతోనే మొదలుపెట్టమని నన్ను ట్యాబు ఇచ్చి పంపారు.

నేను వెళ్ళేసరికి కుప్పమ్మ గారు తెర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. నడుమ మోహిని, ఎడమవైపు దేవతల వరస గీయడం అయిపోయింది. ఇద్దరు దేవుళ్ళ నడుమ ఒకచోట మాత్రం ఖాళీ వదిలారు. కుడివైపు గుడ్డంతా ఖాళీ.

“రా నాయినా. ఏందది, చేతిలో పలక?” అన్నారు.

“మీరు చేసే పనంతా ఇందులోకి ఎక్కించాలమ్మా. మొదట గుడ్డ సంగతి చెప్పండి.”

“కరక్కాయ పొడి ఎనుము పాలల్లో కలిపి, గుడ్డను నానబెట్టి ఎండేస్తాం. ఆవుపాలు పనికిరావు, పల్చన. గీత పాకిపోతాది.”

“మరి ఈ నల్లరంగు?”

ఆమె పక్కనున్న మట్టికుండ మీది మూత తీశారు. లోపల తుప్పురంగు నీళ్ళు, పుల్లటి వాసన. “ఇది కసిమి. తుప్పు పట్టిన మేకులు, నల్లబెల్లం ఏసి నీళ్ళు పోసి ఇరవై ఒక్క దినం ఊరబెట్టాల. ఇట్ల చూడు,” అని కలం ముంచారు. కలమంటే వెదురుపుల్ల, నడుమ ఉన్ని చుట్టి దారంతో బిగించింది. ముందు ఒక మామూలు గుడ్డపీలిక మీద గీశారు. లేత పసుపు గీత. తర్వాత అదే కలంతో కరక్కాయ పాలు తాగిన గుడ్డ మీద గీశారు. గీత నా కళ్ళ ముందే నల్లబడింది. ముందు బూడిదరంగు, తర్వాత పొగరంగు, మూడు లెక్కపెట్టేలోపల కాటుక.

“కరక్కాయ తగిల్తేనే దీనికి నలుపొస్తాది. ల్యాకుంటే ఉత్త తుప్పునీళ్ళు.”

నిజం చెప్పొద్దూ, ఆ గీత చూస్తే నాకు ఒళ్ళు పులకరించింది. ఇరవై రెండేళ్ళుగా హస్తకళల ఆఫీసులో పని చేస్తున్నాను, హస్తకళను అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

“ఈ కుండ మా అత్త కాలం నాటిది,” అన్నారు కుప్పమ్మ గారు. “అడుగునుండే మేకులు ఆమె ఏసినవే. అడుగంటా పారబోసేది ల్యా. మళ్ళా మళ్ళా బెల్లం నీళ్ళు పోస్తా ఊరబెడతా వస్తాం. ఏ కుండ నలుపు ఆ కుండదే నాయినా. దేవతల్ని దీంతో గీస్తి. రాక్షసుల్ని ఇంకో కుండతో గీస్తే రెండు గుడ్డలు తెచ్చి అతికినట్టుంటాది. ఇంత తెర మళ్ళీ గీసేదానికి నా కంట్లో చూపుండాది గానీ, నడుములో సత్తువ ల్యా.”

నేను తల ఊపుతూ ట్యాబులో రాసుకుంటున్నాను. ‘తయారీ: బెల్లం నీళ్ళలో ఇరవై ఒక్క రోజులు ఊరబెట్టవలెను.’ బాగుంది. ‘ద్రవం పేరు’ అన్నచోట ‘సిరా’ అని కొట్టాను. ఆ ట్యాబు మనం కొట్టిన మాట తనకు తెలియకపోతే తెలిసిన మాట పెట్టుకుంటుంది. ఈ రోజుల్లో సిరా అని రాసేవారెవరు? దానికి తెలియదు. దానికి తెలిసిన దగ్గరి మాట ఇంకొకటుంది, వార్తల్లో రోజూ వచ్చేది. అది గుడి తీసేసి దీర్ఘం పెట్టింది. నేను చూడలేదు. ఆ సమయంలో కుప్పమ్మ గారు ఇంకో గీత గీస్తున్నారు, నేను అది నల్లబడడం చూస్తున్నాను. చూస్తూనే ‘సమర్పించు’ నొక్కాను. అభినందనగా ట్యాబు తెర మీద బొమ్మ పువ్వులు రాలాయి.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఎక్సైజు జీపు వచ్చింది. గుబురు మీసాల ఇన్‌స్పెక్టరు చెంగల్రాయుడు గారు, ఇద్దరు కానిస్టేబుళ్ళు. శాఖ ప్రతినిధిగా నన్ను పంపారు. నేను వెళ్ళేసరికి చెంగల్రాయుడు గారు కుండ ముందు నిలబడి ఫోనులో వచ్చిన హెచ్చరిక గట్టిగా చదువుతున్నారు.

“తయారీదారు: కుప్పమ్మ. ద్రవం పేరు: సారా. రంగు: నలుపు. తయారీ: బెల్లం నీళ్ళలో ఇరవై ఒక్క రోజులు ఊరబెట్టవలెను. నమోదు చేసినవారు: ఏకాంబరం, జూనియర్ అసిస్టెంటు.”

తప్పుల్లేని తెలుగులో ప్రథమ బహుమతి గ్రహీతను, ఒక గుడి పెట్టాల్సిన చోట దీర్ఘం పెట్టి, ఒక పెద్దావిడను సారా కాసేదాన్ని చేశాను. నోరు తెరిచి చెప్పాలనుకున్నాను. కానీ ఆ నోటికి టిఫిన్ డబ్బా అడ్డం వచ్చింది.

“ముప్ఫై ఏండ్ల సర్వీసులో కొండలెక్కి, ముళ్ళకంపల్లో దూరి బెల్లపు ఊట పట్టుకున్నా,” అన్నారు చెంగల్రాయుడు గారు, కాస్త అభిమానంగానే. “తయారీ విధానంతో సహా గవర్నమెంటు వెబ్‌సైటులో పెట్టుకున్న మనిషిని ఇప్పుడే చూస్తా ఉండా. ఏం పెద్దమ్మా, భయం ల్యాదా?”

“రంగుకు భయమేంది సామీ?” అన్నారు కుప్పమ్మ గారు.

పంచనామా మొదలైంది. చెంగల్రాయుడు గారు చెబుతుంటే కానిస్టేబులు రాశాడు. సదరు ఇంటి వసారాలో సదరు కుండ ఒకటి, సదరు కుండ నుంచి పులిసిన వాసన. అంతలో ఆయన చూపు తెర మీద పడింది. దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచారు.

“రాయి. సదరు గుడ్డ మీద ఒక స్త్రీ కుండలోంచి ఒక ద్రవమును వరసగా కూర్చున్న వ్యక్తులకు పంపిణీ చేయుచున్నట్లు చిత్రము గలదు. తాగువారు సుమారు ఇరవై మంది. అందరి ముఖముల్లోనూ సంతోషము.” ఆగి, “ఈమె ఎవరు?” అన్నారు.

“మోహిని అండీ,” అన్నాను.

“నివాసం?”

“వైకుంఠం.”

“ఆచూకీ లేదని రాయి.”

“ఆడామె కాదు సామీ ఆయప్ప,” అన్నారు కుప్పమ్మ గారు, తన బొమ్మను తప్పుగా రాసుకుంటుంటే ఊరుకోలేక. “విష్ణుమూర్తి.”

“మారువేషం,” అన్నారు చెంగల్రాయుడు గారు. కానిస్టేబులు అదీ రాశాడు.

ఒక సీసాలో మచ్చు పట్టారు. మిగిలిన ఊటను అక్కడికక్కడే ధ్వంసం చేయాలని రూలు. కానిస్టేబులు కుండ మీద చెయ్యి వేశాడు. కుప్పమ్మ గారు అరవలేదు, ఏడవలేదు. వెళ్ళి కుండను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. “దీన్ని పారబోస్తే ఆ గుడ్డను కూడా చింపేసి పోండి. సగం బొమ్మ నాకెందుకు?” అన్నారు.

నాకు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఫోను తీసి చూపించాను. “సార్, ఈ కుండకు నిన్న పోర్టల్లో నంబరు పడింది. ‘వారసత్వ ఆస్తి’ కింద. దాన్ని పగలగొట్టాలన్నా, వంచాలన్నా మా శాఖ నుంచి ఉత్తర్వు కావాలి.”

చెంగల్రాయుడు గారు చదివారు. ఆయన రూలుకు కట్టుబడే మనిషి, అది ఎవరి రూలైనా సరే. కుండ మూతకు లక్కతో సీలు వేసి, “ఉత్తర్వు వచ్చేదాకా ఇది కదలకూడదు. గీత కూడా గీయకూడదు,” అని వెళ్ళిపోయారు.

నేను పరుగున ఆఫీసుకు వచ్చి పినాకపాణి గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. గుడి, దీర్ఘం, ట్యాబు, అన్నీ. ఆయన కరక్కాయను ఎడమ చెంప నుంచి కుడి చెంపకు మార్చుకున్నారు. అది దీర్ఘాలోచనకు గుర్తు.

“పోర్టల్లో తప్పుండదు ఏకాంబరం. ప్రారంభోత్సవం తర్వాత ఉంటే ఉండొచ్చు. ముందుండదు.”

“సవరణకు అవకాశం ఉందేమో సార్.”

“ఉంది. అర్జీ పెట్టుకో.”

పెట్టుకున్నాను. నమోదైన వస్తువు సారా కాబట్టి సవరణ అర్జీ దానంతటదే ఎక్సైజు శాఖకు పోయింది. సారా పేరు మార్చుకోవడం నేరమని వారు దాన్ని తిప్పి పంపారు. నా ఫోనుకు ‘మీ అర్జీ విజయవంతంగా పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చింది. ఎంత సంతృప్తి చెందారో నక్షత్రాల్లో తెలపమన్నారు.

వారం తిరిగేసరికి ప్రయోగశాల నివేదిక వచ్చింది. అందులో సారాయి లవలేశం లేదనీ, ఇనుము దండిగా ఉందనీ తేలింది. నేను ఎగిరి గంతేసి ఆ కాగితం పట్టుకుని చెంగల్రాయుడు గారి దగ్గరికి పోయాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, తల పట్టుకున్నారు.

“పెద్దామె పెద్ద చిక్కులో పడిందబ్బా. సారా అని నమోదై ఉండాది. లోపల సారాయి ల్యా. అంటే ఏంది? కల్తీ. అదీ ఇనుముతో. ఉత్త సారా అయ్యుంటే జరిమానాతో పోయేది.”

“అసలు అది సారాయే కాదేమో అని ఒకసారి...”

“కాదంటే గవర్నమెంటు పోర్టలు అబద్ధం చెప్పిందనాల. అంత మాట నేననగలనా, నువ్వనగలవా?”

కల్తీ సరుకు కాబట్టి పదిహేనో తేదీ ఉదయం కుండను ధ్వంసం చేయాలని ఉత్తర్వు అయింది. మా శాఖ అనుమతి కూడా ఈసారి పోర్టలే ఇచ్చేసింది. రెండు శాఖలూ ఏకీకృతం కదా.

అప్పుడు పినాకపాణి గారికి ఒక ఉపాయం తట్టింది. ఆయన చెడ్డమనిషి కాదు. తెర సగంలో ఆగిపోతే ప్రారంభోత్సవంలో తన వెనకాల ఖాళీ గుడ్డ కనిపిస్తుందని బెంగ. “వస్తువు రికార్డుతో కలవడం లేదు. రికార్డు మారదు. కాబట్టి వస్తువే మారాలి,” అన్నారు. “దీన్ని ‘వారసత్వ పానీయం’గా ధ్రువీకరిద్దాం. పానీయమైతే కల్తీ కేసు పోతుంది. రూలు చూశాను. ఒక గెజిటెడ్ అధికారి ఇద్దరు మధ్యవర్తుల సమక్షంలో ముప్ఫై మిల్లీలీటర్లు సేవించి, పానయోగ్యమని సంతకం పెడితే చాలు. ప్రారంభోత్సవ వేదిక మీదే సేవిస్తాను. చారిత్రక ఘట్టం.”

ఈ కబురు చెప్పడానికి కుప్పమ్మ గారింటికి వెళ్ళాను. ఆమె సీలు వేసిన కుండ పక్కనే చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతిని ఖాళీగా చూడడం నాకు కష్టంగా తోచింది.

“రాసేదాన్ని తాగేదేంది నాయినా?” అన్నారు అంతా విని.

ఇక దాచలేకపోయాను. “అమ్మా, తప్పు నాది. నేనొక గుడి తప్పాను.”

“ఏ గుడికి పోతావుంటివి?”

నేల మీది దుమ్ములో వేలితో ‘సిరా’, ‘సారా’ అని రెండు మాటలూ రాసి చూపించాను. కలంకారీలో ప్రతి బొమ్మ నెత్తిన పేరు రాయాలి కాబట్టి ఆమెకు అక్షరాలు నాకంటే గుండ్రంగా వచ్చు. రెండింటినీ చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

“ఒక గుడి పెట్టేదానికి ఎంతసేపు పట్టాది నాయినా?”

“నాకైతే క్షణం పట్టదమ్మా. శాఖకైతే చెప్పలేను.”

ఆమె రెండో మాటను అరచేత్తో చెరిపేశారు. మొదటిదాన్ని ఉంచారు. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచి, “మీ సారు చెంపలో కరక్కాయ పెట్టుకోనుంటాడే, అది ఉమ్మేసి నోరు బాగా పుక్కిలించినంక తాగమను. మరిచిపోవద్దు,” అన్నారు.

మరిచిపోలేదు. పద్నాలుగో తేదీ వేదిక ఎక్కేముందు ఆయన చెవిలో చెప్పాను. పినాకపాణి గారు నన్ను ఎగాదిగా చూశారు. “నలభై నిమిషాల ఉపన్యాసం ఉంది. నా గొంతు సంగతి నాకు తెలియదా?” అని ఇంకో ముక్క వేసుకున్నారు.

సభ నిండుగా ఉంది. వేదిక వెనకాల సగం తెర కట్టారు. ముఖ్య అతిథి గారు కుడివైపు ఖాళీ ఏమిటని అడిగితే, మన జిల్లాలో రాక్షసత్వం రూపుమాసిందనడానికి సూచన అన్నారు పినాకపాణి గారు. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టారు కాబట్టి సభ కూడా కొట్టింది. ఒక పక్క పెద్ద తెర మీద వేదిక మీదివారి ముఖాలు గుమ్మాలంత కనిపిస్తున్నాయి. మొదటి వరుస చివర కుర్చీలో కుప్పమ్మ గారు, కాళ్ళ దగ్గర కుండ.

చెంగల్రాయుడు గారు వచ్చి సీలు విప్పారు. వెండి గ్లాసులో కొలిచి పోశారు. పినాకపాణి గారు దాన్ని సభకు చూపించి, ముఖ్య అతిథికి చూపించి, కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగారు. మొహం నిమ్మకాయ కొరికినట్టయింది. అయినా సర్దుకుని మైకు అందుకున్నారు.

“సోదర సోదరీమణులారా!” అని నోరు బార్లా తెరిచారు.

ముందు బూడిదరంగు. తర్వాత పొగరంగు. మూడు లెక్కపెట్టేలోపల పళ్ళు, చిగుళ్ళు, నాలుక, అంగిలి, అంతా కాటుక. ఆయనకు తెలియదు. “మన సంస్కృతి మన నోటి ముత్యం...” అంటున్నారు. పెద్ద తెర మీద గుమ్మమంత నల్లటి నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మొదటి వరసలో ఒకావిడ చెంపలు వేసుకుంది.

కార్యక్రమం కాగితంలో తర్వాతి అంశం ‘గుర్తింపు నేత్రం ప్రదర్శన’. కంప్యూటరు దగ్గర కూర్చున్న అమ్మాయి కాగితం ప్రకారం మీట నొక్కింది. కెమెరా ఎదురుగా ఉన్నదాని మీదే ఉంది. నేత్రం అటూ ఇటూ చూసింది, పినాకపాణి గారి నోటి చుట్టూ ఒక పచ్చటి చదరం గీసింది. తర్వాత సభంతా వినిపించేలా మర్యాదైన ఆడగొంతుతో అంది:

“గుర్తించబడినది. కలంకారీ. సహజ వర్ణం. పూర్తిగా చేతిపని. అసలైనది.”

ఆ యంత్రం పుట్టాక సరిగ్గా చెప్పిన మొదటి మాట అది. ముఖ్య అతిథి గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంక సభ ఆగుతుందా?

చెంగల్రాయుడు గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. దర్యాప్తు అధికారి కదా, టార్చిలైటు తీసుకుని వేదిక ఎక్కి, “కొంచెం ఆ అనండి సార్,” అన్నారు. లోపల నాలుగు మూలలా చూశారు. వేలికి చేతిరుమాలు చుట్టి నాలుక మీద రుద్దారు. రాలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో సారా తాగిన నోళ్ళు ఎన్ని చూశారో ఆయనకే తెలుసు. కిందికి దిగి, కాగితం అడిగి, తన చేత్తో తనే రాశారు: “సదరు ద్రవము పోర్టలు చేతనే కలంకారీ వర్ణముగా ధ్రువీకరించబడినందున, సదరు ద్రవము సిరా అనియు, సారా కాదనియు తేలినది. సదరు కుండను విడుదల చేయడమైనది.” గుడి ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కుప్పమ్మ గారు కుర్చీలోంచి లేచారు. కుండ మీద కొంగు కప్పుకుని, ఎత్తుకుని, ఇంటికి వెళ్ళిపోయారు.

పినాకపాణి గారి విషయం కొంచెం సాగింది. నోటి నలుపు వదలడానికి వారాలు పట్టింది. అంతకంటే పెద్ద చిక్కు, నేత్రం గుర్తించిన దేనికైనా పోర్టల్లో దానంతటదే నంబరు పడుతుంది. అలా ఆయనకు వారసత్వ ఆస్తి కింద నంబరు పడింది. నమోదైన వారసత్వ ఆస్తిని జిల్లా దాటించరాదని రూలు. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న రాజధాని బదిలీ ఉత్తర్వు వచ్చి మరీ ఆగిపోయింది. సవరణకు అర్జీ పెట్టుకున్నారు. విజయవంతంగా పరిష్కరించబడిందట.

నెల తర్వాత తెర పూర్తయిందని కబురొస్తే తీసుకురావడానికి వెళ్ళాను. కుప్పమ్మ గారు దాన్ని వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టారు. నలుపంతా ఒక్క నలుపే. ఎక్కడ ఆగి ఎక్కడ మళ్ళీ మొదలుపెట్టారో కనిపెట్టలేకపోయాను.

రాక్షసుల వరస నిండుగా ఉంది. మొదట కూర్చున్నవాడు నాలుక బయటపెట్టి ఉన్నాడు, నాలుక నల్లగా ఉంది, ఒక చెంప కాస్త ఉబ్బి ఉంది. రెండోవాడికి గుబురు మీసాలు, చేతిలో మచ్చు సీసా. ఒకడి ఒళ్ళో నలుచదరపు పలక, అందులోంచి పువ్వులు రాలుతున్నాయి. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే భయం భయంగా నా మొహం కోసం వెతికాను. వరసంతా వెతికాను. లేదు.

“నన్ను వదిలేశారా అమ్మా?” అన్నాను, మనసు తేలికపడి.

“నిన్ను వాళ్ళల్లో కలుపుతానా నాయినా? ఈ పక్క చూడు.”

దేవతల వరస చూశాను. నాడు వదిలిన ఖాళీ నిండింది. అక్కడ నేను కూర్చున్నాను. బట్టతల, కళ్ళజోడు, దోసిట్లో అమృతానికి బదులు స్టీలు టిఫిన్ డబ్బా. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది నాకు. అటు సూర్యుడు, ఇటు చంద్రుడు, నడుమ నేను. వాళ్ళిద్దరూ నా వైపే వేలు చూపిస్తున్నారెందుకా అనుకున్నాను. అప్పుడు కనిపించింది, నా మెడ మీద ఈ చివర నుంచి ఆ చివరికి సన్నని నల్లగీత.

నెత్తిన పేరు చదివాను. గుండ్రటి అక్షరాల్లో ‘రహువు’ అని ఉంది.

మెడ తడుముకున్నాను. ఏం చేస్తాం, పుట్టుకతో వచ్చిన బుద్ధి. “అమ్మా, రాహువుకి దీర్ఘం పోయింది,” అన్నాను.

కుప్పమ్మ గారు కలం కడుక్కుంటూ తలెత్తలేదు.

“యాడికీ పోలేదు నాయినా. అది నువ్వు ముందే వాడేసుకున్నావు కదా.”